ఎవరి వస్తువు ఎవరింట్లో

మా పాస్టరుగారికి ఉన్నది ఒకే ఒక్క అలవాటు. ఎవరింటికి వెళ్ళినా, వచ్చేటప్పుడు ఏదో ఒకటి అరువు తీసుకునేవారు. తీసుకున్నది తప్పకుండా తిరిగి ఇచ్చేసేవారు కూడా. కాకపోతే ఇచ్చినవాళ్ళకి కాదు, వేరేవాళ్ళకి.

ఆయనకి మా వీధుల్లో 'అరువు పాస్టరుగారు' అని పేరు. పొడుగు మనిషి. దువ్వినా దువ్వనట్టే ఉండే జుట్టు. చంకలో ఎప్పుడూ ఎవరిదో ఒక వస్తువు. ఒకరోజు సుత్తి, ఒకరోజు టార్చిలైటు, ఒకరోజు ఊరికే ఒక బకెట్టు. దాన్ని పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడి మబ్బులు చూసేవారు. సైకిళ్ళవాళ్ళు గంట కొట్టడం కూడా మానేసి, ఆయన చుట్టూ తిరిగి వెళ్ళిపోయేవారు.

ప్రసంగాల్లోనూ అంతే. మాట మధ్యలో ఆగిపోయేవారు. కిటికీ రంగు అద్దంలోంచి గచ్చు మీద పడిన వెలుగు చూస్తూ ఉండిపోయేవారు. మేమూ చూసేవాళ్ళం, ఇంకేం చేస్తాం. ఎంతసేపటికో తేరుకుని, "చూశారా, ఇందాక అది రెండో బెంచీ దగ్గరుంది. ఇప్పుడు మూడో బెంచీకి వచ్చింది. ఎవరూ తొయ్యలేదు" అనేవారు. ప్రసంగం అయిపోయేది. ఇంటికెళ్ళేటప్పుడు మా ఆవిడ, "ఇవాళ ఏం చెప్పారండీ?" అని అడిగేది. "వెలుగు జరిగింది" అనేవాణ్ణి. ఆవిడ పక్కనే కూర్చుని విన్నదే, అయినా అడిగేది.

నేను సంఘానికి కార్యదర్శిని. బతుకుతెరువుకి పుస్తకాల బైండింగు. కీర్తనల పుస్తకాలకి అట్టలు వేసేది నేనే, మీటింగుల్లో మినిట్సు రాసేదీ నేనే. కోడిగుడ్డు మీద ఈకలు పీకే స్వభావం నాది అని మా ఆవిడ అంటుంది. అది నిజం కాదు. ఈక కనిపిస్తే వదలను, అంతే.

ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలో ఒక తతంగం ఉండేది. వడ్రంగి లేచి, "నా నిచ్చెన ఎవరింటికన్నా వచ్చిందాండీ?" అనేవాడు. ఆ మూల నుంచి ఎవరో, "మా ఇంట్లో ఉంది. మాదేమో అనుకున్నాం" అనేవారు. పాస్టరుగారు అమాయకంగా, "అరెరె, అది మీది కాదా?" అనేవారు. అయిదు నిమిషాలు ఇదే గోల.

ఇంకొకళ్ళెవరో ఒకసారి నిచ్చెనని నేరుగా మందిరానికే మోసుకొచ్చారు. అప్పుడు మాత్రం పాస్టరుగారికి ఎక్కడలేని కోపం వచ్చింది. "ప్రార్థన చేసుకునే చోటికి సామాన్లు తేకూడదు. ఎవరి వస్తువు వాళ్ళే వెళ్ళి తెచ్చుకోవాలి" అన్నారు. ఆయన కచ్చితంగా పెట్టిన రూలు ఇరవై ఏళ్ళలో అదొక్కటే. నేను మినిట్సులో రాశాను. ఎందుకో మాత్రం ఆలోచించలేదు.

ఇలా నవ్వుతూ తుళ్ళుతూ నడిచిపోతున్న వ్యవహారం మా సంఘ పెద్దగారి ఫ్లాస్కుతో చెడింది. ఆయన రిటైరైన స్టేషన్ మాస్టరు. ముప్పై అయిదేళ్ళు రైళ్ళతో పాటు ఆయన వెంట తిరిగిన ఫ్లాస్కు అది. పాస్టరుగారు దాన్ని పుచ్చుకుని, పట్టుకెళ్ళి పెద్దగారి కూతురింట్లో ఇచ్చారు. కూతురిల్లు ఎదురు వీధిలోనే. కానీ ఆ అమ్మాయి తనకి నచ్చినవాణ్ణి పెళ్ళి చేసుకున్న దగ్గర్నుంచీ పెద్దగారికి ఆ వీధి లేనట్టే లెక్క. కూరగాయలకి కూడా చుట్టు తిరిగి వెళ్ళేవారు.

పెద్దగారు కమిటీని పిలిచారు. "ఈయనకి మతి పోయింది. రేపు పెళ్ళి చెయ్యమంటే వరుణ్ణి తీసుకెళ్ళి ఇంకో పెళ్ళికూతురి పక్కన నిలబెడతారు. నాయకుడంటే ఇలాగేనా ఉండేది? కొత్త పాస్టరు కావాలని పైవాళ్ళకి రాద్దాం" అన్నారు. కార్యదర్శిని గనక రాసే పని నా మీద పడింది. వచ్చే ఆదివారంలోగా, ఎవరి వస్తువు ఎవరింటికి పోయిందో మొత్తం జాబితా తయారు చెయ్యమన్నారు. ఆ జాబితా పైకి వెళితే పాస్టరుగారు మూటాముల్లే సర్దుకోవలసిందే.

నిజం చెప్పొద్దూ, నాకూ లోపల కొంచెం ఉడుకుగానే ఉంది. నా గొడుగు పోయి అప్పటికి పదిహేను రోజులు. పాస్టరుగారు దాన్ని తీసుకెళ్ళి ఇచ్చింది ఎవరికో కాదు, వాచీల మేస్త్రికి.

వాచీల మేస్త్రీ నేనూ ఒకే బెంచీ మీద అక్షరాలు దిద్దినవాళ్ళం. ఆరేళ్ళుగా మాటల్లేవు. కారణం మందిరం గోడ గడియారం. దానికి కీ ఇచ్చేది వాడే. అది ఏడు నిమిషాలు ముందు నడుస్తోందని నేను మీటింగులో అన్నాను. గడియారం సరిగ్గానే ఉంది, ఊరే ఏడు నిమిషాలు వెనక నడుస్తోందని వాడన్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం వాడు. నా కుందేలుకి ఎన్ని కాళ్ళని మీరు అడక్కండి. మొత్తానికి ఆ రోజు నుంచి వాడు ఎడమ వైపు బెంచీ, నేను కుడి వైపు బెంచీ. వాడి ముఖం చూడ్డం కన్నా వానలో తడవడమే నయమని పదిహేను రోజులూ తడిశాను. జలుబు కూడా చేసింది.

కాగితం తీసుకుని మూడు గడులు గీశాను. వస్తువు ఎవరిది, ఎవరింటికి పోయింది, తిరిగి వచ్చిందా. ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాను.

టైలరు ఇంటికి వెళితే, ఆయన భార్య నన్ను చూసి నవ్వింది. "మా కత్తెర నర్సమ్మగారింటికి పోయిందండీ. ఆవిడ చెల్లెలు పోయాక ఎవరికీ తలుపు తియ్యడం లేదు కదా. కత్తెర లేకపోతే మా పని ఆగిపోతుంది, అందుకని తీసేదాకా తలుపు బాదాను."

"తిరిగి తెచ్చుకున్నారా?"

"అప్పుడే తెచ్చుకున్నాను. ఇప్పుడు రోజూ సాయంత్రం వెళుతున్నాను."

"మళ్ళీ ఎందుకూ?"

"ఊరికేనండీ. మాట్లాడుకోవడానికి."

ఆ సంగతి రాయడానికి నా కాగితం మీద గడి లేదు. వడ్రంగి దగ్గరికి వెళ్ళాను. నిచ్చెన చేరింది వాళ్ళ తమ్ముడింటికట. ఇద్దరూ గోడ తగాదాలో ఉప్పూ నిప్పుగా ఉన్నవాళ్ళు. నేను వెళ్ళేసరికి ఆ నిచ్చెన అదే గోడకి ఆనించి ఉంది. ఈ వైపు నుంచి అన్న, ఆ వైపు నుంచి తమ్ముడు గోడకి సున్నం వేస్తున్నారు. "మా వదిన పంపిన కాఫీ తాగి వెళ్ళండి" అన్నాడు తమ్ముడు గోడ మీంచి. తాగాను. రాయాల్సింది రాశాను. కలం కొంచెం మెల్లగా నడిచింది.

శనివారం మధ్యాహ్నం పాస్టరుగారింటికి వెళ్ళాను. ఆయన లేరు. సన్నగా తుంపర పడుతోంది. వీధంతా నిద్రలో ఉన్నట్టు ఉంది. పాస్టరమ్మగారు నన్ను లోపల కూర్చోబెట్టారు. మొహమాటపడుతూనే అడిగాను. "అమ్మగారూ, అయ్యగారికి ఈ మధ్య మతిమరుపు బాగా ఎక్కువైందంటారా?"

"ఆయనకా? మా పెళ్ళినాడు నేను అన్న మొదటి మాట ఇప్పటికీ దెప్పుతారు అన్నయ్యగారూ. మీ రెండో అమ్మాయికి పాలపళ్ళు ఊడిన రోజు కూడా చెప్పగలరు."

నేను లేవబోయాను. బయట తుంపర కాస్తా వానైంది. "ఉండండి, గొడుగిస్తాను" అంటూ ఆవిడ వెనక గది తలుపు తీశారు.

గోడకి మూడు గొడుగులు వేలాడుతున్నాయి. మూలన నిచ్చెన. అలమరలో రెండు కత్తెరలు, సుత్తి, టార్చిలైటు, బకెట్లు, ఫ్లాస్కు. అన్నిటి మీదా సన్నగా దుమ్ము. ఊళ్ళో ఆయన అరువు అడగని వస్తువు ఏదైనా ఉంటే, అదొక్కటే ఆ గదిలో లేదు.

"ఇవన్నీ ఎవరివమ్మా?"

"మావే."

"మూడు గొడుగులు పెట్టుకుని నా గొడుగు ఎందుకు తీసుకెళ్ళారు?"

"నన్నడక్కండి. ముప్పై ఏళ్ళుగా నేనూ అడగలేదు" అన్నారు ఆవిడ. ఒక గొడుగు దించి, నా చేతికివ్వకుండా పట్టుకునే నిలబడ్డారు. "ఇది తీసుకెళతారా? మీది తెచ్చుకుంటారా?"

గొడుగు వద్దని చెప్పి వానలోకి దిగాను.

వాచీల దుకాణం నాలుగు సందులవతల. ఆ వానలో ఊరు మెత్తబడిపోయినట్టుంది. ఇళ్ళు, చెట్లు, దీపాల స్తంభాలు అన్నీ ఎప్పుడో చిన్నప్పుడు చూసినట్టుగా కనిపించాయి. ఆ సందుల్లోనే మేమిద్దరం పలకలు నెత్తిన పెట్టుకుని పరిగెత్తేవాళ్ళం. ఏం మాట్లాడాలో తోచలేదు. ముఖ్యంగా గడియారం మాట ఎత్తకూడదు అనుకున్నాను.

దుకాణంలో పాతిక గడియారాలు పాతిక రకాలుగా టిక్కుటిక్కుమంటున్నాయి. వాడు కంటికి భూతద్దం తగిలించుకుని బల్ల మీదకి వంగి ఉన్నాడు. తల ఎత్తలేదు.

"వచ్చావా. ఆరేళ్ళు లేటు" అన్నాడు.

"నీ గడియారం ప్రకారం చెప్తున్నావా? అయితే అందులో ఏడు నిమిషాలు తీసెయ్" అన్నాను. నోరు ఊరుకోదు కదా.

వాడు భూతద్దం తీశాడు. నా వైపు చూశాడు. వాడి భుజాలు కదలడం మొదలైంది. ముందు కోపమనుకున్నాను. నవ్వు. నాకూ వచ్చింది. ఇద్దరు ముసలాళ్ళం బల్లకి చెరోవైపు నిలబడి, కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా నవ్వాం.

నా గొడుగు వెనక మేకుకి ఉంది. దాని విరిగిన ఊచని రాగి తీగతో, వాచీ లోపలి పని చేసినంత సన్నగా కట్టాడు. "ఊరికే ఉంచితే తోచలేదురా" అన్నాడు. "రోజూ వస్తావేమోనని తీసి తుడవడం, మళ్ళీ పెట్టడం." తల తుడుచుకోమని వాడు తువ్వాలు ఇచ్చాడు. వాన తగ్గాక కూడా నేను చాలాసేపు కూర్చున్నాను.

మర్నాడు ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. పాస్టరుగారిని ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన అలవాటుగా గచ్చు మీది వెలుగు చూస్తున్నారు. సంఘం వాళ్ళంతా వెళ్ళకుండా వెనకే ఉండిపోయారు. పెద్దగారు గొంతు సవరించుకుని, "చదవండి" అన్నారు.

చదివాను. టైలరు కత్తెర, నర్సమ్మగారిల్లు, తిరిగి వచ్చింది. వడ్రంగి నిచ్చెన, తమ్ముడిల్లు, తిరిగి వచ్చింది. ఇలా నలభై ఒకటి. చదువుతున్నకొద్దీ మందిరంలో గుసగుసలు ఆగిపోయాయి. ఒక్కొక్కళ్ళే పక్కవాళ్ళ వైపు చూసుకుంటున్నారు. నర్సమ్మగారు టైలరు భార్య చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"కార్యదర్శి గొడుగు, వాచీల మేస్త్రి దుకాణం, తిరిగి వచ్చింది. నిన్ననే" అన్నాను. ఎడమ వైపు బెంచీ నుంచి లేచి వచ్చి, వాడు నా పక్కన కూర్చున్నాడు.

"ఇంకొకటే ఉందండీ" అన్నాను. "పెద్దగారి ఫ్లాస్కు. పెద్దగారి అమ్మాయి ఇల్లు. తిరిగి రాలేదు. మొత్తం జాబితాలో రానిది అదొక్కటే."

పెద్దగారు పాస్టరుగారి వైపు తిరిగి మెల్లగా అడిగారు. "మీరు మా సంఘానికి నాయకులు కదండీ. ఇదంతా ఏమిటి?"

"నాకు అంత పెద్ద పనులు తెలీవండీ" అన్నారు పాస్టరుగారు. "సామాన్లు మోస్తాను. తలుపు తడితే లోపల మనిషే ఉంటాడని నా నమ్మకం. నా విశ్వాసం మొత్తం ఇంతే." కొంచెం ఆగి, "మీ మనవరాలు ఆ ఫ్లాస్కు మూతలో బొమ్మకి టీ పోస్తోంది. పచ్చజెండా ఊపితేగానీ బొమ్మ తాగదట. ఎవరు నేర్పారో" అన్నారు.

పెద్దగారు కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. గోడ గడియారం కేసి చూశారు. "ఆ టైము సరైనదేనా?"

"సరైనదేనండీ" అన్నాను నేను.

"ఏడు నిమిషాలు ముందుందండీ" అన్నాడు వాచీల మేస్త్రి అదే క్షణంలో.

ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూసుకున్నాం. మళ్ళీ గొడవ వస్తుందేమోనని అందరూ భయపడ్డారు. రాలేదు.

"అయితే ఇంకా వేళ మించిపోలేదు" అని లేచారు పెద్దగారు. "మీటింగు రద్దు. నేను నా ఫ్లాస్కు తెచ్చుకోవాలి." ఆ మనిషి నడుస్తూ బయల్దేరి, మెట్ల దగ్గరికొచ్చేసరికి దాదాపు పరిగెత్తారు. చుట్టూ తిరగకుండా ఎదురు వీధిలోకే దిగారు. నేను జాబితాని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాను. పైవాళ్ళకి పంపే ఉత్తరం సంగతి ఎవరూ అడగలేదు.

మందిరం ఖాళీ అయ్యాక పాస్టరుగారు నా పక్కకి వచ్చి నిలబడ్డారు. "చూశారా కార్యదర్శిగారూ, నాలుగో బెంచీకి వచ్చింది. ఎవరూ తొయ్యలేదు."

"అవునండీ. ఎవరూ తొయ్యలేదు" అన్నాను, ఆ ముఖంలోకి సూటిగా చూస్తూ. ఆ ముఖం మబ్బులు చూసేటప్పటిలాగే ఉంది.

"అన్నట్టు, మీ జిగురు బ్రష్షు ఒకసారి ఇస్తారా? చిన్న పనుంది."

పాస్టరుకి జిగురు బ్రష్షుతో పనేమిటని నేను అడగలేదు. "తప్పకుండా ఇస్తాను అయ్యగారూ. మళ్ళీ ఎవరింటికి వెళ్ళి తెచ్చుకోమంటారు?"

ఆయన కాసేపు కిటికీ వైపు చూసి ఆలోచించారు.

"ఇంకా మరిచిపోలేదు కదండీ" అన్నారు. "అప్పుడే ఎలా చెప్పను?"