కొండవాగు పింజరి

మొన్న ఒమాన్‌లో, ఘాలాలోని మా కంపెనీ గోడకు సేఫ్టీవాళ్లు కొత్త పటం ఒకటి అంటించారు. ఈ దేశంలోని విషప్పాములన్నీ అందులో ఉన్నాయి. ఇసుకలో కళ్లు మాత్రం బయటపెట్టి పడుకునే కొమ్ముల పాము, సలాలా కొండల వైపు తిరిగే లావుపాటి పింజరి, కింది వరసలో హజర్ కొండల చిన్న పింజరి. అందరూ డ్యూటీ బస్సు ఎక్కుతుంటే, నేను మాత్రం పెళ్లి ఫోటోల్లో సొంత మేనమామను చూసినట్టు దాని ముందు నిలబడిపోయాను. డ్రైవర్ రెండుసార్లు హారన్ కొట్టాడు.

పదేళ్ల కిందట ఆ హజర్ కొండల్లోనే, వాగు పక్కన పైపులు వేసే సైట్‌లో పనిచేసేవాళ్లం. మా మేస్త్రీ కడప సాయిబు, నేను జగిత్యాలవాణ్ణి. ఆయన్ని మామ అని పిలిచేవాణ్ణి. రాయి ఎత్తడానికి ఆయనకో పద్ధతి ఉండేది. ముందు గడ్డపారతో రెండు దెబ్బలు కొట్టి, ఆగి వినాలి. కింద పింజరి ఉంటే ఒళ్లు ఒంటికి రాసుకుని, కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టు చుయ్యిమంటుంది. ఆ తర్వాత అవతలి అంచుకు కొక్కెం వేసి రాయిని మనవైపు లేపాలి. అప్పుడు పాముకూ మనకూ మధ్య రాయే అడ్డం. నీటిపక్కన కప్ప కోసం గంటలకొద్దీ కదలకుండా కూర్చునే దాని ఓపికను, కరిచేముందు చెప్పే దాని మర్యాదను మామ తెగ మెచ్చుకునేవాడు. నాకు ఇదంతా చాదస్తంలా ఉండేది. నాలుగు రోజుల్లో లీవు. కూతురు పుట్టి పది నెలలైనా ఇంకా ముఖం చూడలేదు. ఆ తొందరలో ఓ పొద్దున వట్టి చేతులతో రాయి లేపాను.

వేలికి ముల్లు గుచ్చుకున్నట్టయింది. రాయి కింద అది చుట్టలా ఉంది. బూడిదరంగు ఒంటిమీద లేత మచ్చలు, ఎంత అందమో! భయంలోనూ ముచ్చటేసింది. ఆస్పత్రి అంటే లీవు పోతుందని, వేలికి గుడ్డ చుట్టి ఎవరికీ చెప్పకుండా పనిలో పడ్డాను. చాయ్ వేళకు వేలు వాచింది. నోరు పుక్కిలిస్తే నీళ్లు ఎర్రగా పడ్డాయి. మామ చూడనే చూశాడు.

“పాము కరిసిందా అబ్బీ? నిజం చెప్పు.”

“చిన్న గాటే మామా. ఎవలికి చెప్పకు, లీవు పోతది.”

“లీవుకు పోవాలంటే ముందు నువ్వుండాల గదరా!”

నా చేతికి తాడు కట్టబోయినవాళ్లను ఆపి, నన్ను అడుగు వెయ్యనివ్వకుండా పికప్‌లో పడుకోబెట్టాడు. ఒకతను పార పట్టుకుని ఆ రాయి వైపు వెళ్తుంటే, “దాని ఇంట్లో చెయ్యి పెట్టింది మనోడు. దాన్నెందుకు సంపేది?” అని కేకేశాడు. ఆస్పత్రిలో విషానికి విరుగుడు సూదిమందులు ఎక్కించాక కూడా నా రక్తం మామూలుగా గడ్డకట్టడానికి రెండు రోజులు పట్టింది. మామ ఆ రెండు రోజులూ మంచం పక్కనుంచి కదల్లేదు.

లీవు రెండు నెలలు వెనక్కి పోయింది. నేను ఇల్లు చేరేసరికి నా కూతురు నడుస్తోంది. తొలి అడుగులు చూడలేకపోయానని అప్పట్లో కుమిలిపోయాను. ఇప్పుడు అది సైకిల్ మీద బడికెళ్తోంది. రెండు నెలలు పోయాయని ఏడ్చిన ఆ మనిషికి, పదేళ్లు దక్కుతాయని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.