అరవై నాలుగు కథలూ, శుభోదయం పూలూ

మా అక్క నోరు నేను ఒక్క వేలితో మూయించిన వైనం చెబుతాను. మా బావ యాభై రెండేళ్ల కాపురంలో చేయలేకపోయిన పని అది.

జగదల్‌పూర్‌లో లెక్కల టీచరుగా రిటైరయ్యాక, ఇంట్లో ఒక్కదాన్నే కదా అని కంప్యూటర్ నేర్చుకున్నాను. బొమ్మలు నొక్కే పద్ధతి కాదండోయ్, నల్లటి తెర మీద ఆదేశాలు టైపు చేసే పద్ధతి! వీధిలో హిందీ, అంగట్లో హల్బీ; నా చెవిన తెలుగు పడేది ఆదివారం పదింటికి, మరైగూడ నుంచి అక్క ఫోను చేసినప్పుడే. ఆమె చెప్పిన కథలు రికార్డు చేసి, ఫోనులో చోటు చాలక కంప్యూటర్‌లోకి మార్చాను. సరిగ్గా అరవై నాలుగు.

ఒక మంగళవారం, బంధువులు పంపిన శుభోదయం పూల బొమ్మలు తుడిచేయడానికి కూర్చున్నాను. మూడు వందల పదిహేడు. ఒక్కో పువ్వుకూ యంత్రం “తీసేయనా?” అని అడుగుతుంది. పెళ్లిలో వడ్డించేవాళ్లు కూడా అంత బతిమాలరు. నలభై పూలు పోయేసరికి ఒళ్లు మండింది. ముప్పై ఒక్కేళ్లు పిల్లలను “సరిచూసుకున్నావా?” అని అడిగినదాన్ని, నన్నే అడుగుతుందా? ఆదేశం పక్కన గీత పెట్టి ఎఫ్ చేరిస్తే నోరెత్తదని పుస్తకంలో ఉంది.

ముందు కోపం చల్లారాలని అక్క కథల ఫోల్డర్‌లోకి వెళ్లి ఒకటి విన్నాను. ఇంకా అక్కడే ఉన్నానన్న సంగతి మరిచి, “అన్నీ తీసెయ్, అడగకు” అని కొట్టాను. అడగలేదు. ఎంత విధేయత!

ఐదు రోజులు అన్నం సయించలేదు. ఆదివారం ఫోను రాగానే చెప్పేశాను.

“అక్కా, నీ కథలు తుడిచేశాను.”

“ఏందే, అన్నీ?”

“అరవై నాలుగూ.”

“అది నిన్ను అడగలేదా?”

“అడగొద్దని నేనే చెప్పాను.”

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది! పూలన్నా పోయినయా?”

“లేదు. రెండు వందల డెబ్భై ఏడూ ఉన్నాయి.”

దగ్గు వచ్చేదాకా నవ్వింది. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

“ఏడవకు. మళ్ల మొదటి నుంచి చెప్త. వారానికొకటి. ఎన్నాళ్లయితది?”

“ఏడాదీ పన్నెండు వారాలు.”

“నాకు ఎనభై మూడే.”

“తెలుసు.”

“అయితే లెక్క నువ్వు చూస్కో, కథ నేను చూస్కుంట.”

అందుచేత సకల పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఆ ఎఫ్‌ను ఇక ముట్టను. యంత్రం పువ్వు పువ్వుకూ అడగనక్కర్లేదు. మొత్తం ఊడ్చేముందు మాత్రం, ఎన్ని పోతాయో చెప్పి ఒక్కసారి అడగాలి. అయినా పువ్వు పువ్వుకూ అడగనిస్తున్నాను. వారంలో ఆరు రోజులు ఈ ఇంట్లో నన్ను ఏదైనా అడిగేది అదొక్కటే.

ఏడో రోజు అక్క ఉంది. కథయ్యాక అడుగుతుంది: “ఫోను పెట్టెయ్యనా?”

“వద్దు,” అంటాను.