దేవదానం మాస్టారి నల్ల అట్ట పుస్తకం

2018 ఆగస్టు 17, శుక్రవారం సాయంత్రం. రాజమండ్రిలో దేవదానం మాస్టారి ఇల్లు. ఉన్నవారు: మాస్టారి భార్య సుశీలమ్మ గారు, సంఘపెద్ద రత్నం గారు, పాస్టరు గారు, ఇరుగుపొరుగు, నేను. మాస్టారు ముందుగదిలో పెట్టెలో ఉన్నారు. బయట వాన. ఆనాటి డైరీలో ఇంతే రాసుకున్నాను. మిగతాది జ్ఞాపకం మీద రాస్తున్నాను.

అప్పటికి నేను ఒక కాలేజీలో లైబ్రేరియన్‌ని. మాస్టారు అక్కడే ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఆయన దగ్గరున్న ఒక పుస్తకం మీద నాకు చాలా ఏళ్ళుగా ఆశ ఉండేది. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులో ఒక పండితుడు తన చదువు కోసం ఇంటినిండా పుస్తకాలు కూర్చుకున్నాడు. ఆయన పోయాక వాటిని వేలం వేశారు, తలో దిక్కుకూ పోయాయి. అందులో ఒకటి, హీబ్రూ మాటలకు లాటిన్‌లో అర్థాలు చెప్పే నిఘంటువు, ఎవరో మిషనరీ సామానుతో సముద్రం దాటి గోదావరి ఒడ్డుకు చేరింది. చాలాకాలం తర్వాత ఒక బడి మూతపడినప్పుడు అది చిత్తుకాగితాలతో పాటు తూకానికి వెళ్తుంటే మాస్టారు ఆపి తెచ్చుకున్నారు.

మా వృత్తిలో ప్రొవెనెన్స్ అనే మాట ఉంది. పుస్తకం ఎవరెవరి చేతులు మారి వచ్చిందో తెలిపే చరిత్ర అది. ఈ పుస్తకం మొదటి పుటలోనే ఆ పండితుడి సంతకం ఉంది. అంతకన్నా విలువైనవి మార్జినేలియా, అంటే అంచుల్లో ఆయన రాసుకున్న మాటలు. చీమ తలంత అక్షరాలు. అర్థం కుదరని చోటల్లా ఆయన తనతో తానే వాదించుకున్నాడు. ఆ వాదన వినడానికే మాస్టారు లాటిన్ నేర్చుకున్నారు. ఆ పండితుడి మిగతా పుస్తకాలు ఏ దేశంలో ఏ లైబ్రరీలో ఉన్నాయో ఓపిగ్గా ఆరా తీసేవారు. "ఆయన బీరువాలో ఒక మూల మా ఇంట్లో ఉందండీ" అని నవ్వేవారు. తన తర్వాత అది మా లైబ్రరీకేనని నాకు మాట కూడా ఇచ్చారు.

ఆ సాయంత్రం వెళ్ళి చూస్తే అది పెట్టెలో, ఆయన చేతుల కింద ఉంది.

ఆ సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. చనిపోయినవారి బైబిలు వారి పెట్టెలో ఉంచుతారు. మూత వేసే ముందు పాస్టరు దాన్నే చేతిలోకి తీసుకుని ఒక కీర్తన చదివి, మళ్ళీ యథాస్థానంలో పెడతారు. మాస్టారి నిఘంటువు లావుగా, నల్లతోలు అట్టతో ఉండేది. తెల్లవారుజామున ఆయన వరండాలో కూర్చుని దాన్ని చదవడం వీధంతా చూసింది. అందరూ బైబిలే అనుకున్నారు.

రత్నం గారు అప్పటికీ పూర్తిగా మెత్తబడలేదు.

"ఇన్నేళ్ళుగా చర్చి గడప తొక్కని మనిషమ్మా! సమాధుల తోటలో చోటంటే కమిటీకి నేనేం చెప్పాలి?"

"రోజూ పొద్దున్నే చదువుకునేవారండి. మీరూ చూశారుగా."

"పాలకెళ్తూ చూసేవాణ్ణి, కాదనను. అందుకే ఒప్పుకున్నాను. వాక్యం చదవనివాడైతే మాత్రం మునిసిపాలిటీ వారి శ్మశానానికే. నా సొంత తమ్ముడైనా అంతే."

సమాధుల తోటలో ఆ దంపతుల పాప ఉంది. పసితనంలోనే పోయింది. మాస్టారిని ఆ పక్కనే ఉంచాలని సుశీలమ్మ గారి కోరిక.

ఆమె వంటింట్లోకి వెళ్ళినప్పుడు నేనూ వెనకాల వెళ్ళాను.

"అమ్మగారూ, ఆ పుస్తకం..."

"తెలుసు బాబూ. మీకిస్తానన్నారు."

"దాని సంగతి కాదండి. రేపు పాస్టరు గారు తెరుస్తారు. అది బైబిలు కాదు."

"బైబిలని నేనెవరితోనైనా అన్నానా? చదువుకునేవారన్నాను. చదువుకున్నారా, లేదా?"

"చదువుకున్నారండి."

"మరింకేంటి?"

కాఫీ గ్లాసు నా చేతికిచ్చారు. 

"ఆయనకంటూ బైబిలు లేదు. నాది పెడదామంటే ప్రార్థన కూటాల్లో అందరూ ఎరిగినదే, ఇట్టే గుర్తుపడతారు. పాప పక్కకి చేరేదాకా ఆ పుస్తకం ఊసెత్తకండి. చేరాక ఎలాగూ ఎత్తలేరనుకోండి."

రత్నం గారితో ఒక్క మాటంటే పుస్తకం బయటికొచ్చేది. మాస్టారు పాపకు దూరమయ్యేవారు. కాఫీ తాగి ఇంటికొచ్చేశాను.

మర్నాడు ఉదయం వాన తెరిపిచ్చింది. జనం గది నిండా ఉన్నారు. ఆ సంఘానికి కొత్తగా బదిలీ మీద వచ్చిన పాస్టరు గారు మాస్టారి చేతుల కింద నుంచి పుస్తకం తీసి తెరిచారు. నేను ఆయన భుజం వెనకే ఉన్నాను. రెండు వరసల హీబ్రూ, లాటిన్, అంచున ఆ చీమ తలల అక్షరాలు నాకు స్పష్టంగా కనిపించాయి. ఆయన చూపు పుట మీద ఆగిపోయింది. సుశీలమ్మ గారు తలెత్తలేదు.

"అక్షరాలు మరీ చిన్నవాండీ?" అన్నారు రత్నం గారు. "నా కళ్ళజోడు ఇమ్మంటారా?"

"వద్దండి. బాగానే కనిపిస్తున్నాయి."

అని, అందరికీ తెలిసిన ఒక కీర్తనను తెలుగులో మొదటినుంచి చివరిదాకా, ఎక్కడా తడబడకుండా చదివారు. మధ్యలో ఒకసారి పుట కూడా తిప్పారు. పుస్తకం మూసి, మాస్టారి చేతుల కింద సరిగ్గా అమర్చారు. మూత వేశారు.

సమాధుల తోటకు నడిచేటప్పుడు ఆయన నా పక్కకు వచ్చారు.

"మీరు లైబ్రేరియన్ గారట. ఏంటండీ ఆ పుస్తకం?"

"హీబ్రూ నిఘంటువండి. చాలా పాతది. మళ్ళీ దొరకదు."

"హీబ్రూనా? అయితే బైబిలుకి దగ్గర చుట్టమే" అని ఆయన ముందుకు నడిచారు.

ఏ పుస్తకాన్ని ఎక్కడ పెట్టాలో తేల్చడం నా ఉద్యోగం. విషయాన్ని బట్టి తేల్చేవాణ్ణి, ఒక్కోసారి సైజును బట్టి కూడా. పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టీ తేల్చవచ్చని ఆ ఉదయం, పాప సమాధి పక్కన తవ్విన గోతి దగ్గర నిలబడ్డప్పుడు తెలిసింది.