నేను హాల్లోకి వస్తే ఓడిపోయే జట్టు

ఆదివారం పొద్దున ఏడున్నర. విదేశంలో, సెంగ్‌కాంగ్ అనే పేటలో నా కూతురి ఫ్లాట్. నేను టీ గ్లాసు పట్టుకుని హాల్లో అడుగుపెట్టగానే, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా అల్లుడు అన్నాడు:

"అత్తమ్మా, జర లోపటికి పోండి. మీరొచ్చిండ్రు, వాళ్లు బంతి వదిలేసిండ్రు."

నవ్వుతున్నాడేమోనని ముఖం చూశాను. నవ్వడం లేదు.

అది బేస్‌బాల్. ఆఫీసు పని మీద కొన్నాళ్లు అమెరికాలో ఉన్నప్పుడు అల్లుడు అక్కడి జట్టొకదాన్ని తలకెక్కించుకుని వచ్చాడు. జీతాలు తీసుకుని ఆడే పెద్ద జట్టే. ఆ ఏడు మాత్రం ఓడిపోవడమే ఉద్యోగంగా పెట్టుకుంది. క్రికెట్ చూసేటప్పుడు మనవాళ్లు చేసే చాదస్తమంతా అల్లుడు దీనికి తగిలించాడు. పరుగు వచ్చినప్పుడు ఎవరు ఎలా కూచున్నారో ఆట అయ్యేదాకా అలాగే కూచోవాలి. ఊళ్లోనే బెడోక్ పేట నుంచి వచ్చిన అతని హైదరాబాదీ స్నేహితుడు ఒక కాలు మడిచి నేల మీద కూచున్నాడు. తిమ్మిరెక్కిందని మొత్తుకుంటున్నా అల్లుడు కదలనివ్వడం లేదు.

అంతవరకు నాకూ సరదాయే. నన్ను పొమ్మనడం వేరు. మా ఆయన పోయాక పెళ్లిళ్లలో, ప్రయాణాల్లో, ఎదురు రావద్దని నన్ను పక్కకు నెట్టినవాళ్లు చాలామంది. అదంతా విమానం ఎక్కిన రోజే వదిలిపోయిందనుకున్నాను. ఇక్కడ, కూతురి ఇంట్లో, మళ్లీ అదే మాట. గ్లాసు ఒరిగి టీ కాలి మీద పడింది.

మొగుణ్ని కేకలేస్తుందని కూతురి వైపు చూశాను.

"పోనీ అమ్మా, ఒక్క గంటనే గదా," అంది వంటింట్లోంచి.

అక్షరాలు అరవై దాటాక నేర్చుకున్నాను గానీ, మాట పడటం చిన్నప్పుడే నేర్చుకున్నాను. గది వైపు తిరిగాను.

సోఫాలో పడుకున్న ఎనిమిదేళ్ల మనవరాలు తల ఎత్తి, మాట చివర 'లా' తగిలించే ఇక్కడి ఇంగ్లీషులో అంది: "అమ్మమ్మా, వేర్ యు గోయింగ్? దిస్ వన్ రికార్డింగ్, లా. గేమ్ ఆల్రెడీ ఫినిష్డ్."

"ఏందే?"

"రాత్రే ఆడేసిండ్రు. మనం స్లీపింగ్."

నేను నిలబడిపోయాను. నేను నిద్రలో ఉండగా అయిపోయిన ఆటను పొద్దున లేచి నేను చెడగొట్టానట!

స్నేహితుడు మెల్లగా కాలు చాపాడు. "క్యా భాయ్, మరి నా కాలెందుకు మడిపించినవ్?"

"ఎవరు గెలిచిండ్రో చూడలేదు గదా. చూడకపోతే లైవ్ లెక్కనే," అన్నాడు అల్లుడు. చెవులు ఎర్రబడ్డాయి.

నేను పోయి సోఫా మధ్యలో, అతని అచ్చొచ్చిన చోటు పక్కనే కూచున్నాను. "పెట్టు బిడ్డా, చూద్దాం. ఓడితే నన్ను తిట్టు. కానీ ముందు ఆ ఆడేటోళ్లను అడుగు, నేను ఎప్పుడొచ్చి వాళ్ల చెయ్యి పట్టుకున్ననో."

అల్లుడు తన చోటు వదిలి నేల మీదికి దిగాడు. జట్టు ఓడిపోయింది. ఒక్కరూ నా వైపు చూడలేదు.

కూతురు తడిగుడ్డ తెచ్చి నా పాదం తుడిచింది. "కాలిందా అమ్మా?" అంది. కాలింది టీకి కాదు. అల్లుడి మాట ఆ పూటే మరిచిపోయాను. 'ఒక్క గంటనే గదా' అన్నది మాత్రం ఇప్పటికీ నమ్మలేకుండా ఉన్నాను.

ఆ రోజు ఆ హాల్లో ఉన్నవాళ్లం: నేల మీద అల్లుడు, కాలు చాపుకుని అతని స్నేహితుడు, నా పాదాల దగ్గర కూతురు, నా ఒళ్లో కాళ్లు పెట్టుకుని మనవరాలు, సోఫా మధ్యలో నేను.