బొంతల మీద నీళ్లు పోసిన మేస్త్రి

మేస్త్రి చాచా పోయారు. మొన్న శుక్రవారం పొద్దున మా గేటుకు ఆయన సైకిలు ఆనించి ఉండటం వంటింటి కిటికీలోంచి చూసి, "ఇన్ని రోజులకు యాదికొచ్చినమా చాచా? ఉండు, చాయ్ పెడుతున్న" అని కేకేశాను. చేతులు తుడుచుకుంటూ బయటికి వస్తే సైకిలు పక్కన ఆయన కొడుకు నిలబడి ఉన్నాడు.

"అబ్బా గుజర్ గయే, ఆపా. తెల్లారంగ, దవాఖానల" అన్నాడు. మంగళవారం నుంచి ఊపిరి ఆడక ఆస్పత్రిలో ఉన్నారట. మాకు కబురు చేయొద్దని తనే అన్నారట, ఊరికే పరేషాన్ అవుతామని. అదొక్కటే నాకు ఆయన మీద ఇంకా తీరని కోపం. అతను ఇంకో ఇద్దరికి చెప్పాలని వెళ్లిపోయాడు. లోపలికి వచ్చేసరికి చాయ్ పొంగి పొయ్యి ఆరిపోయి ఉంది.

చాచా మాకు చుట్టం కాదు. మా మతమూ కాదు, మా గల్లీ కూడా కాదు. ఆయన ఇల్లు పత్తర్‌గట్టి వెనక, మాది సైదాబాద్. పాత ఇళ్ల మీది సిమెంటు రేకులు దింపే మేస్త్రి ఆయన. ఆ రేకుల్లో సిమెంటుతో పాటు రాతినార కలుపుతారు. ఆస్‌బెస్టాస్ అంటారే, అదే. ఆ నార పొడి గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి దిగితే మళ్లీ బయటికి రాదని ఇప్పుడు నేను నలుగురికీ చెబుతున్నాను గానీ, అప్పట్లో నాకు రేకంటే వానాకాలం మోత, ఎండాకాలం సెగ, అంతే. ఆయన్ని మేం పనికి పిలిచాం. పిలిచిన పని ఆయన చేయలేదు. చేసింది వేరే. అది చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ఎనిమిదేళ్ల కిందటి మాట. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్, నేను టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరును. మూడు గదుల రేకుల ఇల్లు. వానకు నాలుగు చోట్ల కారుతుంటే, ఈసారి రేకులు పీకేసి స్లాబు వేద్దామని మా ఆయన పట్టుబట్టాడు. ఎవరో చెబితే ఒక కాంట్రాక్టరు స్కూటరు మీద వచ్చాడు. నల్ల కళ్లద్దాలు తీయకుండానే కప్పు చూశాడు.

"రెండు గంటల పని సార్. సుత్తితోని కొట్టుడు, కింద పడుడు. ముక్కలు బయట పారేసుడు గూడ ఎందుకు? కొత్త గచ్చు కింద నింపుదాం, మస్తు గట్టిగుంటది."

మా ఆయన మొహం వెలిగిపోయింది. అక్కడికక్కడే మాట ఇచ్చేశాడు. నాకు మాత్రం ఆ సుత్తి మాట గొంతు దిగలేదు. అప్పటికి మా పాపకు అయిదేళ్లు, మూడు నెలలుగా వదలని దగ్గు. ఎంత సిరప్పు పోసినా తగ్గడం లేదు. దుమ్మన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండేది. ఎక్స్చేంజిలో నా పక్క సీటు ఆమెతో ఈ గోడు చెప్పుకుంటే, "మా నాయిన ఇంటి రేకులు దింపిన ముసలి మేస్త్రి ఒకాయన ఉన్నడు. ఒక్క రేకు పలగనియ్యలే" అంది. వచ్చే ఆదివారానికి పిలిపించాను.

"నేను మాటిచ్చిన గద" అని మా ఆయన లొల్లి.

"నువ్విచ్చినవ్, నేనియ్యలే" అన్నాను.

ఆదివారం పొద్దున చాచా సైకిలు దిగారు. వెనక క్యారియరుకు గులాబీ చెట్లకు మందు కొట్టే చేతిపంపు కట్టి ఉంది. కొలతలు అడుగుతారనుకున్నాను. అడగలేదు. "ఇంట్ల చిన్న పిల్లలున్నరా బేటీ? ఏ గదిల పండుతరు?" అన్నారు. నిచ్చెన వేయించుకుని ఎక్కి, ఒక్కో రేకునూ అరచేత్తో నిమిరి చూశారు. పావుగంట పట్టింది. మా ఆయన కింద నిలబడి గడియారం చూసుకుంటూనే ఉన్నాడు.

దిగి వచ్చి, "రేకులు మంచిగున్నయ్. ఒక్కటి పలగలే" అన్నారు. "నీళ్లు కారేది బోల్టుల కాడ. అవ్వి బిగిచ్చి, లోపట దిక్కు సున్నం పూత కొట్టిచ్చుండ్రి. మేకులు గిట్ల కొట్టకుండ్రి. కదిలియ్యకపోతే అవ్వి మిమ్ముల ఏమనయ్. ఇప్పుడు దింపుడెందుకు?"

పనికి పిలిస్తే వచ్చి పని వద్దనే మనిషిని నేను అదే మొదలు చూడటం. మా ఆయన నన్ను చూసిన చూపులో 'దొరికాడమ్మా నీకు మేస్త్రి' అన్న వెక్కిరింత స్పష్టంగా ఉంది.

చాచా అదేం పట్టించుకోలేదు. "నన్ను పెట్టుకోకున్నా సరే బేటీ, రేపు ఎవర్ని పెట్టుకున్నా అడుగు. రేకు పొడిగ ముడ్తవా, తడిపి ముడ్తవా అని అడుగు. నిండుగ దింపుతవా, ముక్కలు చేస్తవా అడుగు. దింపినంక యాడ పాతిపెడ్తవో ఆ జాగ నాకు చూపియ్యమను. జవాబు లేనోనికి చాయ్ గూడ పొయ్యకు." ఇప్పటికీ మా బంధువుల్లో ఎవరింట్లో రేకులు దింపుతున్నా ఈ ప్రశ్నలే నేను అప్పజెబుతాను, నా సొంత తెలివి అన్నట్టు.

చెప్పేసి గేటు దాకా వెళ్లి, అక్కడ ఆగిపోయారు. పక్కన పెరట్లో మా అత్తమ్మ బొంతలు దులుపుతోంది.

ఈ బొంతల సంగతి చెప్పాలి. మా అత్తమ్మ బొంతలకు మా గల్లీలో పేరు. పాత చీరలు పైనా కిందా పరిచి, మధ్యలో గోనె వేసి కుట్టేది. అఫ్జల్‌గంజ్‌లో ఖాళీ గోనెలమ్మే దుకాణంలో ఒకసారి ఆమెకు దళసరి గోనెలు చవగ్గా దొరికాయి, ఎవరికీ చదవరాని పరాయి అక్షరాలతో. వాటి కుట్లలో తెల్లటి మెత్తని నూగు ఇరుక్కుని ఉంటే, పత్తి కాబోలనుకుని, పారేయడానికి మనసు రాక, ఏరి మళ్లీ బొంతల్లోనే పరిచింది. పాప పడుకునేది ఆ బొంతల మీదే. వారానికొకసారి వాటిని గోడ మీద వేసి కర్రతో కొట్టేది అత్తమ్మ. శుభ్రం విషయంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఆ రోజు కూడా కొడుతోంది, ఎండలో సన్నటి పొడి మిలమిలా లేస్తోంది, పాప ఎగిరెగిరి దాన్ని పిడికిళ్లతో పట్టుకోబోతోంది.

"అక్కా, ఆపు!" అని చాచా అరిచిన అరుపుకు నేనే అదిరిపడ్డాను. ఆ వయసులో ఆయన నల్లా దగ్గరికి పరుగెత్తి, నిండుగా ఉన్న బకెట్టు ఎత్తి బొంతల మీద కుమ్మరించారు. రెండో బకెట్టు కూడా. అత్తమ్మ చేతిలో కర్రతో అలాగే నిలబడిపోయింది. చీర సగం తడిసింది.

"నీకేమన్న పిచ్చి లేసిందా మేస్త్రి?"

"మాఫ్ చెయ్యి అక్కా. ముందుగాల నీళ్లు పొయ్యాలె, తర్వాత మాట్లాడాలె."

ఆ మాట తర్వాత ఆయన నోట వందసార్లు విన్నాం. పాపను లోపలికి పంపించి, ముక్కుకు తడి రుమాలు కట్టుకుని, ఆయన ఒక బొంత అంచు కుట్టు విప్పారు. గోనె మీది అక్షరాలు బయటపడ్డాయి. "గీ గోనెలు నేను గుర్తుపడ్త. రాతినార గిండ్లనే వస్తుండె. రేకుల ఫ్యాక్టరీల పదకొండేండ్లు మోసిన. రేకుల నార సిమెంటుల గట్టిగ పట్టుకోని ఉంటది. గీ గోనెలది పచ్చి నార. కొట్టినప్పుడల్లా లేస్తది. బేటీ, మీ ఇంట్ల తియ్యాల్సింది కప్పు కాదు, పరుపు."

అయిదేళ్లుగా నా బిడ్డ ముఖం పెట్టుకుని పడుకున్న బొంత అది.

అత్తమ్మకు మాత్రం అవమానమైంది. "నా చేతులతోని కుట్టిన. నా మనుమరాలి కింద నేను ఇసం పరిచిననా? నీ రేకుల సంగతి నువ్వు చూస్కోని పో" అని లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. మా ఆయన తల్లి వైపే మాట్లాడాడు. నేను ఎవరి మీద అరవాలో తెలియక అందరి మీదా అరిచాను.

చాచా వాదించలేదు. తలుపు ముందు మెట్టు మీద కూర్చుని, మూసిన తలుపుతో మాట్లాడినట్టు, మెల్లగా చెప్పారు.

"అక్కా, ఫ్యాక్టరీల దుమ్మంత నా బట్టల మీదనే ఇంటికొస్తుండె. మా ఇంటామె రోజూ వాకిట్ల నిలవడి ఆ బట్టలు దులుపుతుండె. దులిపి, ఉతికి, పొద్దుగాల్ల నా చేతికిస్తుండె. మస్తు సఫాయి మనిషి. నేను ఫ్యాక్టరీ ఇడిచిపెట్టి పదేండ్లయినంక ఆమెకు ఊపిరి పట్టుకుంది. డాక్టర్ సాబ్ అడిగిండు, ఈమె ఏం పని చేస్తది అని. ఏం చెయ్యది సాబ్, ఇంట్లనే ఉంటది అన్న. మరి నీ బట్టలెవరు ఉతుకుతరు అన్నడు. గప్పుడు సమజైంది నాకు."

ఆయన తలుపు వైపు తిరిగారు. "పని చేసింది నేను. పోయింది ఆమె. ఆమె తప్పేంది అక్కా? మొగడు సాఫ్‌గ ఉండాలని దులిపింది. నువ్వు గూడ గంతే గద."

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. "ఎన్నేండ్లకు పోయింది?" అని అడిగింది అత్తమ్మ.

"నలబై నిండలే."

అత్తమ్మ వెనక్కి తిరిగి లోపలి బొంతలు తేబోయింది. చాచా మళ్లీ కేక వేశారు, "ముట్టకు అక్కా, నేనొస్త" అని. చేతిపంపుతో తడుపుతూ, మడతపెట్టి, ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి కట్టారు. కచరాకుండీలో వేద్దామని మా ఆయన అంటే ఆయనకు కోపం వచ్చింది. అదొక్కసారే నేను చూసిన ఆయన కోపం. "కచరా ఏరుకునేటోల్లకు పిల్లలుండరా?" అన్నారు. మా పెరట్లోనే ఛాతీ లోతు గొయ్యి తీసి, పాతిపెట్టి, మీద షాబాదు బండ పరిచారు. ఈ జాగ ఎన్నడూ తవ్వొద్దని మా ఆయన చేత కాగితం మీద రాయించి, ఇంటి కాగితాల్లో పెట్టించారు. ఇల్లంతా తడిగుడ్డతో తుడిపించారు. చీపురు పట్టనివ్వలేదు.

మర్నాడు డ్యూటీ నుంచి వస్తే అత్తమ్మ గడపలో కూర్చుని ఉంది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదట. "మేస్త్రిని పిలువు. ఇంకోటున్నది" అంది. మనవడు పుడితే వేద్దామని ట్రంకుపెట్టెలో దాచిన కొత్త బొంత. చాచా వచ్చి అది కూడా తడిపి కట్టాక, అత్తమ్మ అడిగింది. "పిల్లకేమన్న అయితదా?"

ఏం కాదని ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోదు. అనలేదు.

"తెల్వది అక్కా. నీకు అబద్ధం చెప్ప. ముప్పై ఏండ్లు పడ్తది తెల్సెతందుకు. ఇయ్యాల్టి సంది లోపటికి పోవుడైతే ఆగింది."

ఆ రోజు ఆ జవాబుకు ఆయన్ని తిట్టుకున్నాను. తర్వాత అర్థమైంది, ఈ లోకంలో నాతో అబద్ధం చెప్పని మనిషి ఒకరు దొరికారని. పాప దగ్గు ఆ ఎండాకాలంలో తగ్గింది. బొంతలు పోయినందుకా, ఎండలు ముదిరినందుకా అంటే నేను చెప్పలేను.

అప్పటినుంచి ఆయన మేస్త్రి నుంచి చాచా అయ్యారు. రంజానుకు షీర్‌ఖుర్మా గిన్నె, దసరాకు ఇటునుంచి గారెల గిన్నె. అత్తమ్మకు ఆయన "భాయ్" అయ్యారు. ఎప్పుడొచ్చినా మా పాపను ముందు గల్లీ చివరిదాకా ఉరికించేవారు. "ఉర్కు బేటా, బిస్కెట్ పెండింగ్ ఉన్నది" అనేవారు. అది రొప్పుతూ తిరిగి వస్తే, తల వంచి, దాని ఊపిరి ఒక నిమిషం విని, అప్పుడు జేబులోంచి బిస్కెట్టు తీసేవారు. పదమూడేళ్లు వచ్చాక అది సిగ్గుపడి "నేనురకను చాచా" అంటే, "ఎనిమిదేండ్ల సంది వింటున్న, ఇప్పుడెందుకు బంద్ చేస్త?" అన్నారు. అది ఉరికింది.

నాలుగేళ్ల తర్వాత స్లాబు వేసినప్పుడు రేకులు ఆయనే దింపారు. ఒక్కో రేకునూ తడిపి, బోల్టు విప్పి, నిండుగా, నిద్రపోతున్న పిల్లను దింపినట్టు. పక్కింటాయన వచ్చి మేకల కొట్టానికి రెండు రేకులిమ్మని అడిగితే, "మేకలేం పాపం చేసినయ్ సాబ్?" అన్నారు. గల్లీ అంతా నవ్వింది.

శుక్రవారం మధ్యాహ్నం నేను, అత్తమ్మ ఆటోలో పత్తర్‌గట్టి వెళ్లాం. అప్పటికి మగవాళ్లు జనాజా తీసుకుని వెళ్లిపోయారు. ఆడవాళ్ల మధ్య ఆయన కోడలు మమ్మల్ని చూసి లేచి వచ్చి, అత్తమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. తర్వాత పెరట్లోకి తీసుకెళ్లి ఒక మూల చూపించింది. బకెట్టులో, నీళ్లలో మునిగి, ఒక చొక్కా, లుంగీ.

"మంగళవారం పని నుంచి వచ్చి ఆయనే నానబెట్టుకున్నరు. నేను ఈ ఇంటికొచ్చి పదిహేనేండ్లయింది ఆపా, ఒక్కనాడు గూడ ఆయన బట్టలు నన్ను ముట్టనియ్యలే. తనే తడుపుకునుడు, తనే ఉతుక్కునుడు. నలుగుట్ల నాకు షరమయితుండె, కోడల్ని పెట్టుకోని మామ బట్టలుతుక్కుంటుండని. గిప్పుడు ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు. ఎండకుండ నీళ్లు పోస్తున్న, గంతే."

అయిదేళ్లుగా మోకాళ్ల నొప్పులని తన చీర తను ఉతుక్కోని అత్తమ్మ, కొంగు నడుముకు దోపి ఆ బకెట్టు ముందు కూర్చుంది. చాచా కోడల్ని దూరంగా జరగమంది. చొక్కాను నీళ్లలోనే ఉంచి మెల్లగా పిసికింది. నీళ్లు మార్చింది, మళ్లీ పిసికింది, మళ్లీ మార్చింది. నాలుగోసారి నీళ్లు తేటగా ఉన్నాయి. లేచి, ఆ చొక్కాను పిండకుండా, విదల్చకుండా, అలాగే తీగ మీద వేసింది. ముడతలు ముడతలుగా ఉందని కోడలు అలవాటుగా దులపడానికి చెయ్యి చాపింది. అత్తమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. వదల్లేదు. చొక్కా అంచు నుంచి నీళ్లు కారుతుంటే వాళ్లిద్దరూ దాని ముందు అలాగే నిలబడ్డారు.