గుండీ పగిలిన కథానాయకుడు

సాయంత్రం ఐదు కావస్తోంది. వాన అప్పుడే వెలిసింది. పొద్దుటి నుంచి చాతం రేవులో బస్తాలు మోసి ఫెర్రీ దిగేసరికి నా కడుపు నకనకలాడుతోంది. జెట్టీ పక్కన నూకరత్నం టీకొట్టులో గారెలు వేగుతున్నాయి. విశాఖపట్నం నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఆమె అన్న యర్రయ్య నవల చదువుతున్నాడు. ఆయనకి ఉన్న జబ్బు ఒకటే: నవల పైకి చదవకుండా ఉండలేడు, తప్పు లేకుండా చదవలేడు.

"ఆ అమ్మాయి మెడ మీద నిలబడి అతని కోసం చూస్తోంది," అని చదివాడు.

"ఎవరి మెడ మీద తాతా?" అన్నాడు ఆటో నడిపే చక్రి.

"పుస్తకంలో రాయలేదురా."

"మేడ అయ్యుంటది బాబాయ్," అన్నాను గారె నములుతూ.

"నువ్వు సదివావేటి?"

మూడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. ఇంకో గారె తీసుకున్నాను.

మా అమ్మాయి మధులత అప్పుడు తొమ్మిది చదువుతోంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది, అక్షరాలు చూస్తే, ఈ దీవుల్లో బడి పిల్లలందరిలాగే, హిందీలోకి పారిపోతుంది. ఈసారి తెలుగు పోతే బడి మానేస్తానంది. నాకదే భయం. మా ఇంట్లో బస్తాలు మోసే మనిషి ఒకడు చాలు.

ఒకరోజు నన్ను పిలవడానికి కొట్టుకొచ్చింది. యర్రయ్య కళ్ళు తుడుచుకుంటూ చదువుతున్నాడు. "ఆ మాటతో అతని గుండీ పగిలిపోయింది."

"గుండీ పగిలితే రోనా క్యోఁ తాతా? ఏడవడం దేనికి, కొత్తది కుట్టుకోవాలి గానీ," అంది.

"ఖరీదైన గుండీ అయ్యుంటాది. అనుమానముంటే నువ్వే సూడు."

పిల్ల పుస్తకం లాక్కుంది. "గు... ండె. గుండె తాతా. కళ్ళజోడు మార్చు."

"అలాగేటి? మరి తరవాత ఏటైందో అదీ సూసి సెప్పు."

అప్పట్నుంచి ఆయన ఒక్క ప్రేమ ఘట్టాన్నీ బతకనివ్వలేదు. "తాత కథంతా ఖరాబ్ చేస్తున్నాడు," అని మధులత పుస్తకాలు ఇంటికే తెచ్చుకుని చదివేది. అలిసి ఇంటికొస్తే "థక్ గయే క్యా?" అనే పిల్ల, ఓ రోజు "నీరసంగా ఉన్నావేం నాన్నా?" అంది.

తెలుగు పాసైంది. ఆ వారమే యర్రయ్య ఎవరికీ మాట చెప్పకుండా విశాఖపట్నం షిప్పెక్కేశాడు.

"సదువు రాని మనిషి, షిప్పు పేరెలా పోల్చుకున్నాడో పాపం," అన్నాడు చక్రి.

"రాకపోడమేటి?" అంది నూకరత్నం. "ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దడమే కదా ఆయన ఉద్యోగం."

 మధులత నవ్వు ఆపుకోలేకపోయింది. బల్ల మీద ఆయన వదిలేసిన నవల తీసి నా చేతిలో పెట్టింది.

"ఇప్పుడు నువ్వు చదువు నాన్నా."

కూడబలుక్కుని ఒక్క వాక్యం చదివాను. కొట్టంతా నవ్వింది.

"నువ్వూ కావాలనే చేస్తున్నావు కదూ?" అంది మధులత.

అవునన్నాను.