ప్రార్థన అంశం

మా మిషన్ ఆసుపత్రి కమిటీకి ఆ రోజుల్లో నేను కార్యదర్శిని. మిషన్ బడిలో పంతులునైన నన్ను దానికి ఎందుకు పెట్టారంటే నా దస్తూరీ బావుంటుందని. దానికే పొంగిపోయాను, వెధవని!

కమిటీకి ఒక పద్ధతి ఉండేది. ఎటూ తేలని విషయం వస్తే అధ్యక్షులవారు కళ్లద్దాలు తీసి, "దీన్ని ప్రభువు పాదాల చెంత పెడదాం" అనేవారు. అందరం మోకరించేవాళ్లం. లేచాక ఆ సంగతి మళ్లీ ఎత్తితే విశ్వాసం లేనట్టే లెక్క. నేను మినిట్సు పుస్తకంలో 'ప్రార్థన అంశం' అని రాసి కింద గీత కొట్టేవాణ్ణి. ఏమిటా అంశం అన్నది రాసేవాణ్ణి కాదు.

ఆపరేషను గది చూసే నర్సమ్మది విడవలూరు పక్క పల్లె. కత్తెరలకూ గుడ్డలకూ ఆవిరి పట్టే స్టెరిలైజరు సరిగ్గా కాగడం లేదనీ, బాగుచేసేదాకా ఆపరేషన్లు ఆపమనీ కమిటీకి కాగితం రాసింది. మోకరించాం. మళ్లీ రాసింది. మళ్లీ మోకరించాం. మూడో కాగితం నా చేతికే ఇచ్చి, "ప్రార్థన నేనూ చేస్తానే ఉండానన్నా. మీరు మెకానిక్కును పిలిపించండి" అంది. అబ్బో, ఎంత పొగరు అనుకున్నాను. ఆ కాగితం కమిటీలో చదవనైనా లేదు.

ఆ నెలలోనే జువ్వలదిన్నె నుంచి కాన్పుకొచ్చిన ఒకామెకు కడుపు కోసి బిడ్డను తీశారు. బిడ్డ బతికింది. తల్లికి కుట్లు చీముపట్టి, జ్వరం దిగక, ఆరోరోజున పోయింది.

విచారణకు పై సంఘం నుంచి ముగ్గురు పెద్దలు వచ్చారు. స్టెరిలైజరు పాడైందని ఎవరైనా ముందే తెలియజేశారా అని అడిగారు.

"మూడు కాగితాలిచ్చినాను. అన్న దగ్గర ఉండాయి" అంది నర్సమ్మ.

మూడూ నా ఒళ్లో ఉన్న ఫైలులోనే ఉన్నాయి. అధ్యక్షులవారు నావైపు చూశారు. బడిలో నా ఉద్యోగం ఆయన చలవే.

"నోటితో ఏదో చెప్పినట్టు గుర్తండీ. కాగితాలేమీ రాలేదు" అన్నాను. కనీసం తడబడనైనా లేదు. ఛీ, ఇప్పటికీ అది తలుచుకుంటే నా మొహం నాకే చూడబుద్ధి కాదు.

తప్పంతా నర్సమ్మ అజాగ్రత్తదేనని తేల్చి పనిలోంచి తీసేశారు. ముగింపు ప్రార్థన నన్ను చేయమన్నారు. ఈ సోదరి దోషాన్ని క్షమించమని ప్రభువును వేడుకున్నాను. ఆమెన్ అని అందరూ లేచారు. ఆమె లేవలేదు.

"నేను చేసిన దోషమేందో కూడా ఆయనకు చెప్పండన్నా. నేనూ ఇంటాను" అంది.

నేను మళ్లీ కళ్లు మూసుకున్నాను.